అంచు బరువు

గోడ అవతల చర్చి తొట్టిలోకి నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, ఆ చప్పుడు ఆగేలోగా ఏదో ఒకటి చెయ్యాలి, ఏం చెయ్యాలో మాత్రం సూదక్కకి తెలియడం లేదు. ఒళ్లో తెల్ల అంగీ ఉంది. మరిది అంగీ, చెల్లెలి మొగుడిది. ఇంకాసేపట్లో అతను దీన్ని తొడుక్కుని, చర్చి నిండా జనం చూస్తుండగా, వేదిక ముందు పలకలు తీసిన తొట్టిలోకి దిగి బాప్తిస్మం తీసుకుంటాడు. ఇస్త్రీ చేద్దామని బల్లమీద పరిచినప్పుడు అంచు చేతికి తగిలింది, ఊదితే లేచేంత తేలిగ్గా. మడతలో బరువులు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇన్నేళ్లుగా ఈ చర్చిలో నీళ్లలోకి దిగిన ప్రతి మనిషికీ అంగీ కుట్టింది ఆమే, ప్రతి అంగీ అంచులోనూ ఇనప వాషర్లు గుడ్డపీలికల్లో చుట్టి మరీ కుట్టింది, లేకపోతే నడుం లోతుకి దిగగానే గుడ్డంతా గొడుగులా పైకి లేస్తుంది, దిగినవాళ్ల పరువు నీళ్లమీద తేలుతుంది. నిద్రలో లేపి అడిగినా చెప్పేంత అలవాటైన పని. చేతిలో ఒక సూది, నోట్లో ఒక సూది అని జనం ఆమెకా పేరు పెట్టారు, పెట్టి అసలు పేరు మర్చిపోయారు, నోటిమాట ఎలా ఉన్నా చేతిపనికి వంక పెట్టినవాళ్లు మాత్రం లేరు. అలాంటిది ఇవాళ ఇదేమిటి? మర్చిపోయిందా? మానేసిందా? ఆమె తనని తాను అడుగుతోంది, జవాబు చెప్పాల్సిన మనిషి లోపల ఎక్కడో తలుపేసుకుని కూర్చుంది.

వాషర్ల డబ్బా కాళ్ల దగ్గరే ఉంది. పాత బిస్కెట్ల డబ్బా, మూతమీద బొమ్మలో పాప నవ్వు సగం చెరిగిపోయింది. ఆ డబ్బా తెచ్చిందీ మరిదే. బస్సుల షెడ్డులో మెకానిక్కు. తాగుడు మానేసి ఈ చర్చి మెట్లెక్కినప్పటినుంచీ, షెడ్డులో పారేసే వాషర్లు ఏరి, గ్రీజు పోయేలా కిరసనాయిల్లో కడిగి, తుడిచి, ఆమె కిటికీ గట్టుమీద పెట్టి పోయేవాడు. లోపలికి వచ్చేవాడు కాదు, రమ్మని ఆమె అనేదీ కాదు. “వదినా, పెట్టాను” అని కిటికీలోంచి ఒక్క మాట, అంతే, ఆమె మిషను చప్పుడులో వినపడనట్టు తొక్కుతూనే ఉండేది. అతను కడిగిన వాషర్లు ఎవరెవరి అంగీలకో కుట్టింది, పోస్టుమాన్‌కి కుట్టింది, బడి టీచరుకి కుట్టింది, సరిగ్గా అతని అంగీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి మర్చిపోయిందంటే ఎవరు నమ్ముతారు, తనే నమ్మడం లేదు. నిన్న మధ్యాహ్నం గుర్తుచేసుకో. అంచు మడిచావు. గుండుసూదులు పెట్టావు. అప్పుడు పక్కింటావిడ కత్తెర కోసం వచ్చింది. కాదు, అది మొన్న. నిన్న ఎవరూ రాలేదు. కరెంటు పోయిందేమో, పోతే మాత్రం మిషను కాళ్లతో తొక్కేదే కదా. చివర్న దారం పళ్లతో కొరికిన సంగతి గుర్తుంది, దారం రుచి కూడా నాలుక మీదుంది, డబ్బా మూత తీసినట్టు మాత్రం ఎంత వెతికినా గుర్తురావడం లేదు. తియ్యకూడదని అనుకున్నట్టూ గుర్తు లేదు. రెండిట్లో ఏదో ఒకటి జరిగే ఉండాలి.

సరే, జరిగిందేదో జరిగింది, ఇప్పుడు కుట్టేస్తే పోలా? సూది ఉంది, దారం ఉంది, వాషర్లున్నాయి, నీళ్లింకా నిండలేదు. చీకట్లో సూదికి దారం ఎక్కించే మనిషి, ఇంత వెలుతురు పెట్టుకుని, దారం కొస నాలుకతో తడిపి, పెదాలతో నొక్కి, కళ్లు చిట్లించి మళ్లీ మళ్లీ పొడుస్తోంది, దారం బెజ్జం పక్కనుంచే పోతోంది. సూదిని వెలుతురుకి ఎత్తి చూసింది. బెజ్జం తెరిచే ఉంది. మరి? ఎక్కదేం? ఎక్కనీ, ఎక్కకపోనీ, అసలు ఎందుకు ఎక్కాలి? అతని అంగీ లేచిపోతే లేచిపోనీ. చిన్న పిల్లలు నవ్వుతారు, పెద్దవాళ్లు నవ్వు ఆపుకుంటూ పాటల పుస్తకాల్లో తలలు పెట్టుకుంటారు, ఒక్క నిమిషం సిగ్గు, చెల్లెలు చిట్టి మంచంలో పడి ఉన్న అన్నాళ్లలో అతను ఒక్క నిమిషమైనా సిగ్గుపడ్డాడా? ఆ మాట అనుకోగానే ఒళ్లంతా వేడెక్కింది, వెంటనే చల్లబడింది కూడా, ఎందుకంటే పక్కగదిలో ప్రార్థన చేస్తున్నారు, గోడ పల్చన, తను అనుకున్నది వాళ్లకి వినిపించిందేమోనన్న పిచ్చి అనుమానం ఒకటి.

ఇతని సంగతి అయ్యగారిని ముందే అడిగింది, అడక్కుండా ఏం ఉండలేదు. ఈ పాస్టరయ్యగారు మంచి మనిషి, ఆయన ఉదాహరణలే, ఈ తొట్టిలాగా, ఎక్కడో ఒకచోట కారుతుంటాయి. “రక్షణ జీతం కాదమ్మా” అన్నారు. “పనిచేసి సంపాదించుకునేది కాదు. ఆయన ఊరికే ఇస్తాడు, మనం నమ్మి చెయ్యి చాపుతాం.” ఊరికేనా అంది. ఊరికే అన్నారు. మా మరిదికి కూడానా అంది. అతనికి కూడా అన్నారు. ఆమె మొహం చూసి, పాపం, ఇంకో మెట్టు దిగి చెప్పబోయారు. “తల్లి చంకలో బిడ్డ ఉంది. వాన పడింది. తల్లి దుప్పటి తీసి కప్పింది. ఆ బిడ్డ ఏం పని చేసిందని కప్పింది, చెప్పండి?”

“పసిబిడ్డయితే సరేనయ్యగారూ, మీసాలొచ్చిన బిడ్డ మాటేంటి?”

అయ్యగారు పడీపడీ నవ్వారు. నవ్వించడానికి కాదు ఆమె అన్నది. మరి నేను చేసిందంతా ఏమైనట్టు అని అడిగితే, “మంచిదమ్మా, చాలా మంచిది. రక్షణ దానివల్ల రాదు, అంతే” అన్నారు. ఆ అంతే అన్న మాట ఇంటిదాకా వెంటబడి వచ్చింది, అన్నం దగ్గర కూర్చుంది, పక్కలో పడుకుంది. అంతే అంటే? చర్చి తెరలు ఎవరు కుట్టారు, బల్లమీద గుడ్డలు ఎవరు ఉతికారు, సంఘంలో ఒక ముసలావిడ పోతే ఆవిడకి ఆఖరి గౌను రాత్రంతా కూర్చుని ఎవరు కుట్టారు, ఇవన్నీ దేవుడికి తెలియవా, తెలిసీ దానివల్ల కాదు అంటాడా, అంటే మరి దేనివల్ల, నమ్మడం వల్లట, నమ్మడం అంటే ఎలా, తనూ నమ్ముతూనే ఉంది కదా, నమ్ముతోందా? కుడుతోంది. అది తెలుసు. నమ్మకం సంగతి ఎప్పుడూ విడిగా తీసి చూసుకోలేదు, కుట్టేవాళ్లు నమ్మినట్టే లెక్క అనుకుంది.

నీళ్ల చప్పుడు మారింది. మొదట్లో సిమెంటు మీద పడి గోలగోలగా ఉండేది, ఇప్పుడు నీళ్లమీదే నీళ్లు పడుతూ మెత్తబడింది. చిట్టికి ఒళ్లు తుడిచే బేసిన్లో ఇలాగే చప్పుడయ్యేది. చిన్న చెల్లెలు, ఎంత పెరిగినా ఎవరికైనా చిట్టే. ముందుగదిలో కిటికీ పక్కన మంచం. అటు తిప్పాలి, ఇటు తిప్పాలి, వీపుకి పౌడరు రాయాలి, మందులు నలిపి పొయ్యాలి, దుప్పట్లు మార్చాలి, మార్చిన దుప్పట్లు ఉతకాలి, మధ్యలో జనం జాకెట్లు కుట్టాలి. అంతా చేసి మంచం పక్కన కూలబడితే చిట్టి కళ్లు తెరిచి అడిగేది ఒకటే, “ఆయన వచ్చాడా అక్కా?” రాలేదమ్మా. ఆయనకి ఎక్కడో బస్సు బాగుచేసే పనట. ఏ బస్సో, ఏ పనో, ఏ సీసా అడుగునో. వదినకి చేతులున్నాయి కదా, వదిన చూసుకుంటుంది. అలా కనపడకుండా పోయినవాడు ఆఖరికి ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడ్డాడు, చొక్కా గుండీలు ఒకదానికి ఒకటి తప్పి, కంపు కొడుతూ. చిట్టి నవ్వింది. అదీ సూదక్క మింగలేనిది. తను ఒళ్లు తుడుస్తుంటే మూలిగిన మనిషి, తను ముద్ద పెడుతుంటే మొహం తిప్పుకున్న మనిషి, వాణ్ని చూసి మొహమంతా నవ్వింది. ఒక్క మాటంటే ఒక్క మాట అడగలేదు, ఎక్కడికి పోయావని, ఎందుకు రాలేదని. “తిన్నావా?” అంది. తర్వాత ఇటు తిరిగి, “అక్కా, ఆయనకి కాస్త టీ పెట్టవా” అంది.

పెట్టింది. వంటగదిలో నిలబడి పొయ్యి వెలిగించి, ఏడుస్తూ, పళ్లు కొరుకుతూ, పెట్టింది. అతను మంచం కాళ్ల దగ్గర నేలమీద కూర్చుని గ్లాసు ఖాళీ చేసి, “బాగుంది వదినా” అన్నాడు. గిన్నెలో మిగిలింది తర్వాత తను నోట్లో పోసుకుంటే చేదు విషం. చక్కెర వెయ్యలేదు. చూశావా, అప్పుడూ ఇంతే. మర్చిపోయిందా? మానేసిందా? ఇప్పటికీ తెలియదు. తెల్లారి చిట్టి పోయింది, టీ సంగతి ఎవరితోనూ అనలేదు, అనడానికి అదొక సంగతా? అయినా ఆ గ్లాసు, ఆ బాగుంది అన్న గొంతు, కుడుతుంటే గుర్తొస్తాయి. అతనికి నాలుక లేదా, చక్కెర ఉన్నదీ లేనిదీ తెలియదా, తాగుబోతుకి ఏం తెలుస్తుందిలే అని సరిపెట్టుకుంది. చిట్టి మాత్రం ఏం చూసి నవ్వింది? అతను ఏం చేశాడని? ఏమీ చెయ్యలేదు. వచ్చాడు, అంతే. మళ్లీ ఈ అంతే. ఆ మాట వినపడితేనే ఆమెకి ఒళ్లు మండుతుంది.

ఒక వాషరు తీసి పీలికలో చుట్టింది. చుట్టింది సరే, చేతిలోనే ఉండిపోయింది, చల్లగా, గుండ్రంగా. అసలు ఈ బరువుల పిచ్చి ఎక్కడ పట్టుకుందో ఎవరికైనా తెలుసా? ఎవరికీ చెప్పలేదు. తన బాప్తిస్మం రోజు. అప్పటికి ఈ తొట్టి కొత్తది, సిమెంటు వాసన. ఎవరిదో అంగీ అరువు తెచ్చారు, తను బక్కపిల్ల, ఇద్దరు పట్టేటంత అంగీ. వెనక్కి వాలమ్మా, నేను పట్టుకుంటాను అన్నారు అప్పటి ముసలయ్యగారు. వాలలేదు. ఎవరైనా పట్టుకుంటారంటే నమ్మకం ఏమిటి, జారి పడితే? తనే మోకాళ్లు వంచి, చతికిలబడి, తనంతట తనే మునిగింది, ఆయన చెయ్యి ఊరికే తలమీద ఉండిపోయింది. ఆ మునగడంలో అంగీ మొత్తం గాలి నింపుకుని పైకి లేచింది. ముందు బెంచీలో కూర్చున్న చిట్టి, ఇంతుండేది అప్పుడు, లేచి నిలబడి చర్చి చర్చంతా వినేలా, “అక్కా, నీ కాళ్లు కనిపిస్తున్నాయి!” అని అరిచింది. ఇంక చూసుకో. ముసలయ్యగారు కూడా దగ్గినట్టు నటించారు. ఆ రోజు దేవుడు వచ్చాడో రాలేదో, పాపాలు పోయాయో లేదో, ఏమీ గుర్తు లేదు, నీళ్లలో రెండు చేతులతో గుడ్డ కిందికి నొక్కుకోవడమే గుర్తుంది. ఒకవైపు నొక్కితే రెండోవైపు లేచేది. మరి అది బాప్తిస్మమేనా? పట్టిందా, పట్టలేదా? ఆ అనుమానంతోనే సూది పట్టింది కాబోలు. ఇంకెవరికీ అలా జరక్కూడదు అని అందరితో అనేది, నిజమే, అదీ ఉంది. తనది సరిగ్గా జరగలేదు గనక మిగతా అందరివీ సరిగ్గా జరిపిస్తే, ఎప్పటికో ఒకప్పటికి తనదీ సరిపోతుందేమోనన్న ఆశ కూడా ఉంది. ఇప్పుడు అయ్యగారేమో సరిపోదు అంటున్నారు. ఎంత కుట్టినా సరిపోదట. కుట్టక్కర్లేదట. అయితే ఈ పది వేళ్లూ ఇన్నేళ్లుగా ఏం చేస్తున్నట్టు? ఏడుపొచ్చింది ఆమెకి, ఏడవడానికి ఇదా సమయం.

నీళ్ల చప్పుడు ఆగిపోయింది. పక్కగది తలుపు తెరిచి అమ్మగారు తల లోపలికి పెట్టారు, పాస్టరయ్యగారి భార్య, ఎప్పుడూ తొందరలోనే ఉంటారు. “అయిపోయిందా సూదక్కా?”

“అయిపోయింది” అంది.

అన్నాక విన్నది తను ఆ మాట. నోరు తనదే. అమ్మగారు వెళ్లిపోయారు. లేదండీ, ఆగండి, ఇంకా కాలేదు అని వెనకనుంచి పిలవొచ్చు, పిలవడానికి గాలి కూడా పీల్చుకుంది, ఆ గాలి లోపలే ఉండిపోయింది. అయితే మర్చిపోవడం కాదు. ఇప్పుడు మాత్రం మర్చిపోవడం కాదు. ఇది తెలిసి చేస్తున్నదే. అది తెలియగానే, కాస్త తేలికపడుతుందనుకుంది గానీ, బరువే ఎక్కువైంది.

“వదినా, లోపలికి రావచ్చా?”

తల దువ్వుకుని, గడ్డం గీసుకుని, కొత్తవాడిలా ఉన్నాడు మరిది. గోళ్లలో గ్రీజు మాత్రం అలాగే ఉంది, ఎంత రుద్దినా పోయేది కాదు అది. అంగీ అందించింది. అతను భుజాల దగ్గర పట్టుకుని దులిపాడు. గుడ్డ గాల్లోకి లేచి, నిదానంగా, నిదానంగా కిందికి దిగింది. అతని చెయ్యి ఆగింది. వేళ్లు అంచు వెంట పోయాయి, మెకానిక్కు వేళ్లు, చూడక్కర్లేకుండా చూసే వేళ్లు. కాళ్ల దగ్గర డబ్బా వైపు చూశాడు. ఆఖరిసారి తను కడిగి తెచ్చిన వాషర్లు నిగనిగలాడుతూ అందులోనే ఉన్నాయి. తర్వాత ఆమె వైపు చూశాడు. అడుగు, అనుకుంది ఆమె. నా మీద కేకలెయ్యి, తిట్టు, ఏదో ఒకటి అను, నా దగ్గర జవాబులున్నాయి, చిట్టి మంచం దగ్గర్నుంచి మొదలుపెడతాను. 

“బాగా కుదిరింది వదినా” అన్నాడు.

ఇంకా తొడుక్కోనే లేదు. అదే గొంతు. గ్లాసు కింద పెట్టి బాగుంది అన్న గొంతు. అంటే ఆ రోజు కూడా తెలుసు. చేదని తెలిసే తాగాడు. ఇది లేచిపోతుందని తెలిసే తొడుక్కుంటున్నాడు, ఇదిగో, తలమీంచి వేసుకుంటున్నాడు, చేతులు దూరుస్తున్నాడు, నాకిది రావాల్సిందే అన్నట్టు, ఎవరి మీదా ఫిర్యాదు లేనట్టు. ఇలాంటివాణ్ని ఏం చెయ్యాలి? “ఒక్కటే భయం వదినా” అన్నాడు మెడ దగ్గర గుండీ పెట్టుకుంటూ. “వెనక్కి వాలమంటారు. మోకాళ్లు బిగుసుకుపోతున్నాయి.”

“అయ్యగారు పట్టుకుంటారులే” అంది ఆమె. ఎవరు, ఎవరికి చెబుతున్నారు?

అతను వెళ్లాడు. పాట మొదలైంది. ఆమె డబ్బా చంకనపెట్టుకుని పక్క గుమ్మంలో నిలబడింది, డబ్బా ఎందుకు తీసిందో తెలియదు, ఇప్పుడింక వాషర్లతో ఏం పని? అయ్యగారు ముందే నీళ్లలో ఉన్నారు. అతను ఒక మెట్టు దిగాడు, ఇంకో మెట్టు. మోకాళ్లు దాటగానే అంగీ మొదలుపెట్టింది. వెనకవైపు ఉబ్బింది, పక్కలకి పాకింది, తెల్లగా, నిండుగా, నీళ్లమీద పరుచుకుంటూ. అతను నొక్కుకోలేదు. చేతులు గుండెలమీద కట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. ముందు బెంచీలో ఒక చిన్నపిల్ల వేలు చూపిస్తూ లేచి నిలబడింది, ఏదో అనడానికి నోరు తెరుస్తోంది, ఆ పిల్ల ఎవరో, ఏ కాలం పిల్లో, చిట్టి, వద్దమ్మా, వద్దు, అనకు. డబ్బా కిందపడ్డ చప్పుడుకి పాట ఆగిపోయింది. వాషర్లు చర్చంతా దొర్లాయి. అప్పటికి సూదక్క కట్టుబట్టలతో తొట్టిలో ఉంది. దిగిన జ్ఞాపకం లేదు. వంగి, రెండు చేతులా అతని అంగీ అంచు పట్టుకుని కిందికి లాగి, మోకాళ్ల దగ్గర బిగించి పట్టుకుంది. మంచిపని కాదు ఇది, అదొక్కటీ స్పష్టంగా తెలుస్తోంది, చేసిన పాడుపని కప్పిపుచ్చుకోవడం ఇది, దీనికి ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు.

అప్పుడు ఆమె బట్ట లేచింది. లేవదూ మరి? దానికి మాత్రం ఎవరు కుట్టారు బరువులు? ముందు చీలమండల దగ్గర చల్లగా తగిలింది, తర్వాత పిక్కల దగ్గర, మొత్తం గుడ్డ గాలి నింపుకుని పైకి వస్తోంది, ఆమెకి ఉన్నవి రెండే చేతులు, రెండూ అతని అంచు మీద ఉన్నాయి. వదిలితే అతని పరువు, వదలకపోతే తనది. బక్కపిల్ల, సిమెంటు వాసన, ఒకవైపు నొక్కితే రెండోవైపు. కళ్లు గట్టిగా మూసుకుంది. చేతులు వదల్లేదు. ఎందుకు వదల్లేదో తర్వాత ఎంత ఆలోచించినా తేలలేదు.

గుడ్డ ఆగింది. ఎవరో కిందికి లాగారు. కళ్లు తెరిస్తే అతను వంగి ఉన్నాడు, గోళ్లలో గ్రీజున్న పిడికిలితో ఆమె బట్ట అంచు ముడేసినట్టు పట్టుకుని, రెండో చేత్తో చుట్టూ సర్ది నొక్కుతున్నాడు.

“పట్టుకున్నాను వదినా. కదలకండి.”

అయ్యగారు నీళ్లలో నిలబడి ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. “ఒకళ్లనొకళ్లు ఇలా పట్టుకుంటే నేను ముంచేదెలా?” అని గొణిగారు. “ఇలాగే ముంచండయ్యగారూ” అన్నాడతను, అని, మోకాళ్లు వదిలేసి, వెనక్కి వాలాడు. అయ్యగారు పట్టుకున్నారు. నీళ్లు అతని మొహం మీద మూసుకున్నాయి. ఆమె ఒక్కసారి చూసింది, ఏం చేశానని, చక్కెర లేని టీ ఇచ్చానే, బరువు లేని అంగీ ఇచ్చానే, ఏం చేశానని నన్ను పట్టుకున్నాడు, ఇదేనా అయ్యగారూ మీరు చెప్పింది, ఇలాగే ఉంటుందా, అని అడుగుదామంటే అయ్యగారి చేతులు ఖాళీ లేవు. అతను పూర్తిగా నీళ్లకింద ఉన్నాడు, పిడికిలి మాత్రం వదల్లేదు. ముందు బెంచీలో పిల్ల ఇంకా నిలబడే ఉంది, తొట్టిలోకి తొంగితొంగి చూసింది, చెప్పడానికేమీ దొరక్క కూర్చుంది. సూదక్క కాళ్లు ఎవరికీ కనిపించలేదు.